మూడు పెట్టెలు విప్పి అరవైకి సంతకం

కాగితం మీద ఉన్నది, పెట్టెలో ఉన్నది

మెదక్‌లో ఒక ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్లు టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేశాను. ఆ హోదా వినగానే ఏదో కొత్తవి కనిపెట్టేవాణ్ని అనుకునేవారు. నేను చేసిందల్లా ఒక్కటే పని. చుట్టుపక్కల ఆఫీసులు, కాలేజీలు కంప్యూటర్లు కొన్నప్పుడు కాగితం మీద రాసిన సామాను పెట్టెలో నిజంగా ఉందో లేదో చూసి చెప్పాలి. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, హార్డ్ డిస్క్ ఎంత. కాన్ఫిగరేషన్ చూడటం అనేవాళ్లం దాన్ని.

మొన్న ఈ పనిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి నన్ను చూడటానికి వచ్చి, ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే ఐదు నిమిషాల్లో అన్నీ చెప్పేస్తుంది కదా సార్, అన్నేళ్లు మీరు చేసిందేమిటి అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. నాకు మాత్రం చురుక్కుమంది. ఆ పూట సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆమె వెళ్లాక రెండు రోజులు ఆలోచించి ఇది రాయడం మొదలుపెట్టాను.

కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకునేదాన్ని వాంగ్మూలం అనుకోండి. పోలీసు స్టేషన్‌లో రాసుకుంటారే, అలాంటిది. రాసుకోవాల్సిందే, కానీ దాన్ని పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు. అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, వాళ్లకు ఏం లాభమో చూడాలి. ఈ రకం అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒకాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన నేర్పింది మంచిదే. నేను దాన్ని ఎక్కడ వాడాలో అక్కడ వాడలేదు, వాడకూడని చోట వాడాను. దానివల్ల ఒక మనిషి అన్యాయంగా దొంగ అనిపించుకుంది. నా ప్రమోషన్ల గురించి, ఫైళ్ల గురించి ఇందులో ఏమీ రాయను.

యూసుఫ్ సాబ్ బ్లేడు

నేను చేరినప్పుడు దేశం విదేశీ సరుకుకు తలుపులు బార్లా తెరిచిన కొత్త. హైదరాబాద్‌లో సందుకొక కంప్యూటర్ దుకాణం వెలిసింది. విడిభాగాలు సంచుల్లో వచ్చేవి, గదిలో కూర్చుని బిగించేవారు, పైన మెరిసే స్టిక్కర్ వేసి అమ్మేవారు. కొనే ఆఫీసరుకు మౌసు పట్టుకోవడం రాదు. అమ్మేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మా ఇన్‌స్ట్రక్టర్ యూసుఫ్ సాబ్. చర్చి వైపు వెళ్లే రోడ్డులో రేడియోలు బాగుచేసుకుంటూ, చదువుకుంటూ ఆ ఉద్యోగానికి వచ్చిన మనిషి. తెల్ల చొక్కా జేబులో ఎప్పుడూ సగం బ్లేడు, గడియారాలవాళ్లు కంటికి తగిలించుకునే అద్దం ఉండేవి. కొత్త కంప్యూటర్ వస్తే అందరూ ముందు స్విచ్ వేసేవారు. ఆయన ముందు స్క్రూలు విప్పేవాడు.

ఒకసారి ఒక ఆఫీసు కోసం నాలుగు యంత్రాలు వచ్చాయి. ఆన్ చేయగానే నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో లెక్కంతా వచ్చింది. క్యాష్ మెమరీ 256 కేబీ అని స్పష్టంగా పడింది. ప్రాసెసర్ పక్కనే ఉండి పని చకచకా సాగేలా చేసే చిన్న చిప్పులు అవి. కాగితంలోనూ అంతే ఉంది. నేను సంతోషంగా టిక్ పెట్టబోయాను. ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని పక్కన పెట్టాడు. "తెర మీద ఏమొచ్చిందో నాకు చెప్పకు సత్తయ్యా. లోపట ఏమున్నదో చెప్పు" అన్నాడు.

విప్పి చూశాం. చిప్పులు ఉన్నాయి, వరసగా, నల్లగా, పైన అంకెలతో. ఇంకేం కావాలన్నట్టు ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కంటికి అద్దం పెట్టుకుని, నన్నూ పెట్టుకోమన్నాడు. చిప్పు కాళ్ల నుంచి బోర్డు మీదకు సన్నటి రాగి గీతలు వెళ్లాలి. ఒక్క గీత కూడా లేదు. కాళ్లు బోర్డుకు అతికించి ఉన్నాయంతే, ఎక్కడికీ దారి లేదు. బ్లేడుతో ఒక చిప్పు గీకితే లోపల నల్ల ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. ఆన్ చేసినప్పుడు 256 అని చెప్పేలా లోపలి ప్రోగ్రాములో ముందే రాసి పెట్టారు. ఉత్త ప్లాస్టిక్ ముక్కలకు అంకెలు అచ్చువేసి అతికించే ఓపిక మనిషికి ఉంటుందని అంతవరకు నాకు తెలియదు.

సాయంత్రం చాయ్ తాగుతూ ఆయన ఇంకో మాట అన్నాడు. అప్పుడు నాకు అది చాదస్తంగా తోచింది. "షక్ పడు, మంచిదే. గని సామాను మీద పడు. మనిషి మీద పడేముందు జర ఆగు." నేను మొదటి సగం, అంటే అనుమానపడటం, బుద్ధిగా నేర్చుకున్నాను.

చేగుంటలో పోయిన పరువు

తర్వాతి పదేళ్లలో నాకు బాగానే పేరు వచ్చింది. సత్తయ్య వస్తున్నాడంటే దుకాణాలవాళ్లు జాగ్రత్తపడేవారు. హార్డ్ డిస్క్ మీద లేబుల్ గోటితో లేపి కింద ఇంకో లేబుల్ ఉందేమో చూసేవాణ్ని. ప్రాసెసర్ మీద అంకెలు చెరిపి పెద్ద అంకెలు అచ్చువేసిన బాపతు రెండు పట్టుకున్నాను. వెలుతురుకు ఏటవాలుగా పెట్టి చూస్తే పాత అంకెల నీడ కనిపిస్తుంది. ఇలా అన్ని రకాలూ కలిపి వరసగా నాలుగు మోసాలు దొరికేసరికి కళ్లు నెత్తికెక్కాయి. ప్రతి దుకాణదారు దొంగే, ఇంకా దొరకలేదంతే అనే తీరుకు వచ్చాను.

చేగుంటలో ఒక ఆఫీసుకు స్థానికంగా ఒకాయన రెండు కంప్యూటర్లు సరఫరా చేశాడు. కాగితంలో ర్యామ్ 256 ఎంబీ. తెర మీద 224 చూపిస్తోంది. అందరి ముందే ఆయన్ని కడిగేశాను. ముప్పై రెండు మింగావా అన్నాను. పాపం, ఎందుకు తక్కువ చూపిస్తోందో ఆయనకూ తెలియదు. మూత విప్పితే లోపల సరిగ్గా 256 ముక్కే ఉంది. బొమ్మలు చూపించే చిప్పు మదర్‌బోర్డు మీదే ఉన్న యంత్రాలు అవి. తెర కోసం ముప్పై రెండు అది వాడుకుంటుంది. తెర నిజమే చెప్పింది, నాకే అర్థం కాలేదు. ఆయన దుకాణానికి వెళ్లి తప్పు ఒప్పుకుని వచ్చాను. ఆయన మర్యాదస్తుడు, కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. అందుకే ఆ తప్పు నాకు తేలిగ్గా పోయింది, నేర్చుకోవాల్సినంత నేర్చుకోలేదు.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట. అంకె తక్కువ కనిపించగానే అరవకండి. ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. తెర మీదది ఒకటి, ముక్క మీద లేబుల్ ఇంకొకటి, కంపెనీ పుస్తకంలో ఉన్నది మరొకటి. మూడూ కలిస్తే రాయండి. కలవకపోతే కలవలేదని రాయండి. ఎవరు తీశారన్నది మీరు తేల్చే పని కాదు.

రెండు కాగితాల పద్ధతి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఇలా ఒక్కచోట ఎప్పుడూ రాయలేదు.

కంప్యూటర్లు కొన్నప్పుడు నేను రెండు కాగితాల మీద సంతకం చేయాలి. మొదటిది పరిశీలన కాగితం. సరుకు ముందు మా కేంద్రానికి రావాలి, ప్రతి పెట్టె విప్పి చూసి సంతకం చేయాలి. రెండోది అమరిక కాగితం. ఆ సరుకు కాలేజీకి చేరి బల్లల మీద అమర్చాక అక్కడికి వెళ్లి మళ్లీ చూసి సంతకం చేయాలి. మధ్య దారిలో మార్చకుండా పెట్టిన నియమం అది. ఎవరు పెట్టారో గాని తెలివైనవాళ్లు.

ఆచరణలో మాత్రం రెండు కాగితాలూ ఒకే పూట అయిపోయేవి. ఊళ్లు తిరగడానికి బండి ఉండదు, మనుషులు ఉండరు. పైగా అమర్చిన మరుక్షణం కంపెనీవాళ్లు క్యాబినెట్ మీద చిన్న సీలు కాగితం అతికిస్తారు. అది చింపితే వారంటీ పోతుందంటారు. మూడేళ్లు ఎవరూ మూత తీయరు. అందుకని మొదటి సంతకం చేసేటప్పుడే రెండోదీ చేసి పంపించేవాళ్లం. మా సూపరింటెండెంట్ ఒకటి తర్వాత ఒకటి తిప్పి చూపించేవాడు, నేను గీకేవాణ్ని. జిల్లా అంతటా ఇదే పద్ధతి. తప్పని ఎవరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మూడు కాలేజీలకు ఇరవై చొప్పున అరవై కంప్యూటర్లు మంజూరయ్యాయి. ఒకటి మెదక్‌లో ఆడపిల్లల కాలేజీ, ఒకటి చేగుంట వైపు, ఒకటి తూప్రాన్ వైపు. మార్చి నెలాఖరు, ఆ లోపల కాగితాలు పోకపోతే మంజూరు రద్దవుతుంది. సరుకు రావాల్సిన రోజున తూప్రాన్ దగ్గర హైవే మీద రాస్తారోకో. రోడ్డు మీద వంటలు, ఆటపాటలు, వేలమంది జనం. లారీ అక్కడ ఆగిపోయింది. నేనూ మనసారా ఉద్యమంలో ఉన్నవాణ్నే, ఆ లారీ ఆగినందుకు నాకేమీ కోపం రాలేదు.

మధ్యాహ్నం కంపెనీ మనిషి నర్సాపూర్ మీదుగా చుట్టు తిరిగి జీపులో వచ్చాడు. వెంట మూడు కంప్యూటర్లు, రెండు కాగితాలూ తెచ్చాడు. లారీలో ఉన్నవన్నీ ఇవే సార్, దారి తెరుచుకోగానే తిన్నగా కాలేజీలకే పంపిస్తాం అన్నాడు. మూడూ విప్పాను. యూసుఫ్ సాబ్ నేర్పినట్టే అద్దం పెట్టి, లేబుళ్లు గీకి చూశాను. ఒక్కొక్క దాంట్లో ఒక జీబీ ర్యామ్, మంచి రకం. వంక పెట్టడానికి లేదు. అరవైకీ రెండు కాగితాల మీదా సంతకం చేశాను.

ఆ మూడింటిని ఎంత శ్రద్ధగా చూశానో ఇప్పటికీ గుర్తుంది. బహుశా ఆ శ్రద్ధే నన్ను ముంచింది. అంత బాగా చూశాను కాబట్టి అరవై చూసినట్టే మనసులో నిలిచిపోయింది.

రజిత మేడం బ్యాగు

ఆ ఏడు చదువులు అంతంతమాత్రం. బందులు, సమ్మెలు, ఊరేగింపులు. కాలేజీ తెరిచిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువ. అన్నీ కాస్త సర్దుకున్నాక, ప్రాక్టికల్ పరీక్షలకు ముందు స్టాకు తనిఖీకి నన్ను ఆడపిల్లల కాలేజీకి పంపించారు.

ల్యాబు చూసుకునేది రజిత మేడం. కాంట్రాక్టు లెక్చరర్. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఆమె ఉద్యోగం ఏటా కొత్తగా కాగితం వస్తేనే ఉంటుంది, రాకపోతే లేదు. ఇంట్లో మంచం పట్టిన తండ్రి, చదువుకుంటున్న చెల్లెలు. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే, ల్యాబు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందని.

ఇరవైలో ఎనిమిది కంప్యూటర్లు జీబీకి బదులు సగం, 512 చూపించాయి. చేగుంట గుర్తొచ్చింది, లెక్క వేశాను. తెర వాడుకుంటే ముప్పైయో అరవయ్యో పోతుంది గాని సగానికి సగం పోదు. మూడు మూతలు తీయించాను. లోపల 512 ముక్కలే ఉన్నాయి, వేరే రకంవి. తీసేముందు సీళ్లు అతికించే ఉన్నాయి గాని, ఒకదాని అంచు కాస్త లేచినట్టు కనిపించింది. అనుమానంతో చూసేవాడికి అంచులన్నీ లేచే ఉంటాయి.

కాగితం తీసి చూశాను. జీబీ అని ఉంది, కింద నా సంతకం. ఇరవై ఏళ్లుగా ప్రతి సంతకాన్ని అనుమానించినవాణ్ని, నా సంతకం చూసి నేనే నమ్మాను. వచ్చినప్పుడు జీబీ ఉన్నాయి, ఇప్పుడు లేవు, మధ్యలో తాళంచెవి ఈమెది. అంతే. మూడు ముక్కల్లో తేలిపోయింది నాకు.

ఆమె చెప్పబోయింది. "సార్, మొదటిసంది గంతనే ఉన్నయ్. నేను ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పిన. సత్తయ్య సార్ సంతకం ఉన్నంక నీకేం తెలుసన్నరు."

మొదటి నుంచి ఇంతే అని ప్రతి దొంగా అంటాడని నాకు నేను చెప్పుకున్నాను. ఎప్పుడైనా మూత తీశావా అమ్మా అని అడిగాను. ఒకదాంట్లో ఫ్యాను చప్పుడు చేస్తుంటే దుమ్ము తుడవడానికి తీశానని దాచకుండా ఒప్పుకుంది. దాచని మనిషిని చూసి ఆగాల్సింది. నేను మాత్రం దొరికింది అనుకున్నాను.

అప్పుడు ల్యాబులో ముప్పై నాలుగు మంది ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు, ఆమె బల్ల మీద ఉన్న బ్యాగు తెరవమన్నాను. ఎప్పుడో నెలల కింద పోయిన ర్యామ్ ఈ రోజు బ్యాగులో ఎందుకుంటుందని నాకు తట్టలేదు. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, ఒక్కొక్కటి తీసి బల్ల మీద పెట్టింది. టిఫిన్ డబ్బా. గొడుగు. తండ్రికి మందుల చీటీ. ఒక స్క్రూడ్రైవర్.

ల్యాబులో ప్లగ్గులు ఊడిపోతున్నాయని, సమ్మె రోజుల్లో ఎలక్ట్రీషియన్ రాకపోతే తానే బిగించుకుంటున్నానని చెప్పింది. గోడ మీద ప్లగ్గులు ఎదురుగానే ఉన్నాయి, కొన్నింటికి కొత్త స్క్రూలు మెరుస్తున్నాయి. తల తిప్పి చూస్తే కనిపించేవి. నేను తిప్పలేదు. సంబంధిత లెక్చరర్ బ్యాగులో స్క్రూడ్రైవర్ లభించింది అని రిపోర్టులో రాశాను. ఆ వాక్యం రాసినందుకు ఆ రోజు గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

వారం తిరక్కముందే ఆమెను కాలేజీకి రావద్దన్నారు. వచ్చే ఏటికి కాగితం ఆపేశారు.

విప్పని అట్టపెట్టెలు

మూడు వారాల తర్వాత తూప్రాన్ వైపు కాలేజీకి అదే తనిఖీ పని మీద వెళ్లాను. అక్కడ ల్యాబు గది కట్టడం పూర్తికాలేదు. వచ్చిన ఇరవై కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే, ఒక పాత గదిలో, తాళం వేసి ఉన్నాయి. ఆ తాళం మీద కాలేజీ ముద్ర వేసిన లక్క సీలు కూడా ఉంది. అటెండరు అందరి ముందూ దాన్ని పగలగొట్టి తెరిచాడు.

పెట్టెల మీద కంపెనీ టేపు చెక్కుచెదరలేదు. నా చేత్తోనే కోశాను, నా చేత్తోనే మూతలు విప్పాను. ఇరవైలో తొమ్మిదింటిలో 512 ముక్కలు. రజిత మేడం ల్యాబులో చూసిన రకమే.

నమ్మలేక తొమ్మిదింటినీ మళ్లీ అద్దం పెట్టి చూశాను. ఇక్కడ లెక్చరర్ లేదు, రోజూ ఒకరి చేతిలో ఉండే తాళంచెవి లేదు, బ్యాగు లేదు. అనుమానించడానికి ఒక్క మనిషి కూడా లేనప్పుడు గాని ఆ జీపు, ఆ మూడు పెట్టెలు, తూప్రాన్ దగ్గర ఆగిన లారీ నాకు గుర్తు రాలేదు. లారీలో ఏముందో నేను చూడనే లేదు. చూశానని రెండుసార్లు సంతకం చేశాను.

తొమ్మిది రోజులు

సూపరింటెండెంట్‌కు చెప్పాను. చెడ్డవాడని అననుగాని, ఇరవై ఏళ్లు ఫైళ్లు తప్ప ఏమీ చూడని మనిషి. తలుపు వేసి నన్ను కూర్చోబెట్టాడు. కంపెనీవాణ్ని పిలిపిస్తాను, కిక్కురుమనకుండా అన్నీ మార్చి ఇస్తాడు, ఆ కాలేజీవి కూడా మార్పిస్తాను, రిజిస్టరు సరిపోతుంది అన్నాడు. రజిత మేడం సంగతి అడిగాను. "ఆమె పర్మినెంట్ గాదు గద సత్తయ్య. ఇంకో కాలేజీల దొరుకుతది. నీకు ఇంక ఎనిమిదేండ్ల సర్వీసున్నది, గది సూస్కో."

ఆ మాట విని కోపంతో లేచి వచ్చేశానని రాస్తే బాగుంటుంది. కానీ జరిగింది అది కాదు. తొమ్మిది రోజులు ఊరుకున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్లాను, వచ్చాను, ఉద్యమం గురించి అందరితో గట్టిగా మాట్లాడాను. మన మాట ఎవరూ వినడం లేదని ఢిల్లీ వాళ్లను తిట్టాను. మా ఆవిడకు మాత్రం రెండో రోజే చెప్పాను. తొమ్మిదో రోజు ఆమె అన్నం పెడుతూ, ఆ పిల్ల రోజూ బస్‌స్టాండ్ దగ్గర జిరాక్స్ షాపులో కనిపిస్తోంది, కౌంటర్ దగ్గర నిలబడుతోంది అని చెప్పింది. చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ సాయంత్రం సంగారెడ్డిలోని జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశాను. మూడు పెట్టెలు చూసి అరవైకి సంతకం చేశానని, ల్యాబుకు వెళ్లకుండానే అమరిక కాగితం ఇచ్చానని, రజిత గారి మీద నేను రాసిందంతా తప్పని, ఆమె మొదటే చెప్పినా వినలేదని రాశాను. విచారణ జరిగింది. కంపెనీ సామాను మార్చింది. నాకు శిక్షగా ఇంక్రిమెంటు ఆపారు, ఆరు నెలలు ఆఫీసులో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను ఒక్కణ్నీ మునగకుండా పద్ధతినంతా రాశానని వాళ్ల కోపం. నిజమే, పద్ధతినంతా రాశాను. అది రాసినందుకు మాత్రం నాకు ఈనాటికీ చింత లేదు.

జూన్‌లో ఆమెను మళ్లీ తీసుకున్నారు.

ముప్పై నాలుగు పేర్లు

ఆమె చేరిన రోజు కాలేజీకి వెళ్లాను. ల్యాబులో ఒక్కతే ఉంది, పిల్లలు ఇంకా రాలేదు. తప్పు నాది అమ్మా, క్షమించు అన్నాను. ఆమె కుర్చీ చూపించింది, నేను కూర్చోలేదు.

"ఆఫీసుల రాసిండ్రు సార్, మంచిగైంది. నేను దొంగను గాదని ఆఫీసుకు ఎరుకైంది" అంది. కాసేపు మానిటర్ మీద దుమ్ము తుడిచింది. "బ్యాగు చూసింది ఆఫీసుల గాదు గద సార్. పిల్లల ముంగట చూసిండ్రు. ఆ పిల్లలకు ఎవరు చెప్తరు?"

ఆ పిల్లలు ఏప్రిల్‌లోనే పరీక్షలు రాసి వెళ్లిపోయారు. నేను చెప్తాను అన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

ప్రిన్సిపాల్ దగ్గర, బ్యాగు తెరిపించిన రోజు హాజరు పట్టీ అడిగి ముప్పై నాలుగు పేర్లు రాసుకున్నాను. మెదక్ చిన్న ఊరు. ఎవరైనా ఎక్కడైనా తగులుతారు. ఒకమ్మాయి బ్యాంకులో కనిపించింది. ఒకమ్మాయి రామాయంపేటలో బట్టల దుకాణం పెట్టింది. ఒకమ్మాయి పెళ్లి పత్రిక మా ఇంటికే వచ్చింది, వాళ్ల నాన్న నాకు తెలిసినవాడు. పెళ్లిలో అక్షింతలు వేసి, పక్కకు పిలిచి చెప్పాను. పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది గాని విన్నది. ఎక్కువమంది, అయ్యో సార్, మేము అప్పుడే నమ్మలేదు అన్నారు. నాకోసం అలా అన్నారో నిజంగా నమ్మలేదో తెలియదు. ఇద్దరు మాత్రం, ఇన్నాళ్లూ ఆమె దొంగే అనుకున్నాం అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. చెప్పిన ప్రతి పేరు పక్కన టిక్ పెట్టుకుంటూ వచ్చాను. రాష్ట్రం వచ్చింది, నేను రిటైరయ్యాను, ఆ కాగితం చొక్కా జేబులో నలిగిపోతే ఇంకోదాని మీద ఎక్కించుకున్నాను.

కొత్తవాళ్లారా, ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, సామాను తప్పుగా చూస్తే మళ్లీ విప్పి చూడొచ్చు. కంపెనీవాడు మార్చి ఇస్తాడు. ముప్పై నాలుగు మంది కళ్ల ముందు మనిషిని తప్పుగా చూస్తే, ఆ ముప్పై నాలుగు తలుపులూ మీరే తట్టాలి, అయినా పూర్తి కాదు.

ఇరవయ్యో అమ్మాయి పోయిన ఏడాది కలిసింది. ఆమె ఇప్పుడు మనోహరాబాద్ వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. బస్సులో నా పక్క సీటులో కూర్చుని తనే పలకరించింది. ఆ రోజు నేను చేసింది, దానిలో నా తప్పు, రజిత మేడం నిర్దోషి అన్న సంగతి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "మంచి పని చేసిండ్రు సార్, చెప్పిండ్రు" అన్నది.

ఆమె చేతిలో తాళంచెవుల గుత్తి, ఒక ఫోను తప్ప ఏమీ లేవు. కాలేజీ నుంచే వస్తున్నావా, బ్యాగు మరిచిపోయావా అమ్మా అని మామూలుగా అడిగాను.

"బ్యాగు తేను సార్. ల్యాబు చూస్కునుడు మొదలైనసంది తేలేదు. డబ్బా గూడ చేతిల పట్టుకొని పోతా."

ఇప్పుడు తెలిసింది కదా తల్లీ అన్నాను.

"తెలిసింది సార్. అయినా తేను" అన్నది.

తూప్రాన్‌లో ఆమె దిగిపోయింది. కాగితం తీశాను, పెన్ను తీశాను. ఆమె పేరు పక్కన టిక్ పెట్టలేదు.